నిండుకున్న దోనె

గడప దాటేటప్పుడు కుడికాలు ముందు పెట్టాలని కొండ మొదలు నుంచీ అనుకుంటూ వచ్చింది మాచమ్మ. తీరా గుమ్మం దగ్గరికి వచ్చాక పెట్టింది ఎడమకాలు. అయ్యో అనబోయి నాలుక కరుచుకుంది. వెనక్కి వెళ్ళి మళ్ళీ సరిగ్గా వద్దామంటే, గుమ్మంలో నిలబడ్డ కావలి భూతం ఈటె మొదలుతో వీపున ఒక్క పోటు పొడిచి, "నడువు తాతా! ఇదేమన్నా పెళ్ళివారిల్లా, ఆగి ఆగి వస్తున్నావు?" అని గద్దించింది.

తాత! మాచమ్మ గడ్డం తడుముకుంది. ఉంది, ఊడలేదు.

హోరుకొండ లోపలున్న ఈ మరలో బిడ్డను కన్న తల్లి అడుగుపెడితే ఇరుసు విరిగిపోతుందని వెనకటికి ఒక సిద్ధుడు శపించాడట. ఆనాటి నుంచీ మరకు యజమాని అయిన భస్మకంఠుడనే మాంత్రికుడు ఆడగాలి సోకితే చాలు, కావలి భూతాలను ఉసిగొల్పుతున్నాడు. అందుకని మాచమ్మ తుమ్మబంకతో మేకవెంట్రుకల గడ్డం అంటించుకుని, పంచె బిగించి, తలకు పాగా చుట్టి, మాచయ్య అయింది. గాజులు తీసి మూటగట్టేటప్పుడు మాత్రం మొగుడు గుర్తొచ్చాడు. ఇంటి దగ్గర ఆయన ఒక్కడే ఉన్నాడు. పొయ్యి మీద ఎసరు పెట్టి నిద్రపోయే రకం మనిషి. బోసి చేతుల దోషం ఆయనకు తగలకుండా పాగా మడతలో ఒక పసుపుకొమ్ము దాచుకుంది.

పిరికితనంలో మాచమ్మ తర్వాతే ఎవరైనా. మబ్బు పట్టిందంటే పిడుగు తన ఇంటి మీదే పడుతుందనుకుంటుంది. కొడుకు రెండుసార్లు దగ్గితే క్షయ అనుకుంటుంది. 'జరగబోయే చెడ్డంతా ముందే అనుకుని పెట్టుకుంటే, జరిగేది అందులో ఏదో ఒక్కటే కదా, మిగతావన్నీ తప్పినట్టే' అన్నది ఆమె తర్కం. కానీ ఆమె కొడుకు కోనప్ప, తామ్రగిరి యువరాజుకు అడ్డం పడి, భస్మకంఠుడి మంత్రదండం దెబ్బకు నల్లరాయిగా మారిపోయాడన్న కబురు వచ్చిన నాడు, కోట వంటశాలలో వడ్లు దంచుతున్న మాచమ్మ ఏడవలేదు. ఆమె ముందుగా అనుకుని పెట్టుకున్నవాటిలో ఇది లేదు. రోకలిని గోడకు ఆనించి, కొంగు దులుపుకుని, "ఆ రాయి ఎక్కడుంది?" అని మాత్రం అడిగింది.

ఆ రాయి ఇక్కడుంది. ఈ రోజే మరలో పడబోతోంది. పడి పొడి అయిందంటే ఇక ఏ మంత్రమూ కోనప్పను తిరిగి మనిషిని చెయ్యలేదు. వీరుల రాళ్ళలోంచి వచ్చే బంగారు పొడిని నీళ్ళలో కలుపుకుని తాగకపోతే భస్మకంఠుడి గొంతు బూడిదై రాలిపోతుంది. అందుకోసం ఒక దండునే రాళ్ళు చేసి గాడిదల మీద తెప్పించుకుంటున్నాడు. వాటిలో ఏది ఎవరో ఎవరికీ తెలియదు. "కన్నతల్లి పలకరిస్తే బిడ్డ రాయి చెమరుస్తుంది. ఇంకెవరు పిలిచినా ఉలకదు, పలకదు" అని దారిలో పుట్ట మీద కూర్చున్న జోగమ్మ చెప్పింది. ఉన్న ఆధారం అదొక్కటే.

లోపలికి రాగానే మాచమ్మ రెండు చెవులూ మూసుకుంది.

కొండ కడుపంతా తొలిచి కట్టిన మర అది. పైన ఎక్కడో ఆకాశగంగ తెగిపడ్డట్టు తెల్లని ధార దూకి, రథచక్రాలకు తాతలాంటి పెద్ద చక్రం మీద పడుతోంది. పడిన ప్రతి తుంపరా పచ్చగా, నీలంగా, ఎర్రగా రంగులు మార్చుకుంటూ గాలిలో కలుస్తోంది. చక్రంతో పాటే ఒక మహావృక్షం మాను ఇరుసై తిరుగుతోంది. ఆ ఇరుసు ఒంటినిండా కొయ్య వేళ్ళు. ఒక్కో వేలూ పైకి లేస్తూ, ముందు నిలబడ్డ ఒక్కో రోకలినీ చంకలో చెయ్యివేసి ఎత్తినట్టు ఎత్తి, అంతెత్తున వదిలేస్తోంది. తాడిచెట్లంత రోకళ్ళు! వాటి కాళ్ళకు గంగాళాలంత ఇనుప పొన్నులు. ఒకటి లేస్తుంటే ఒకటి పడుతూ, కింద ఇనుప అడుగున్న పొడుగాటి దోనెలో రాళ్ళను పిండి చేస్తున్నాయి. దోనె అంచు దాటి పొర్లే నీళ్ళలో బంగారు రజను, పొద్దు కరిగి పారినట్టుగా, కాలువలోకి జారి కొండ బయటి మడుగులోకి దూకుతోంది.

మాచమ్మ పుట్టింది రోకటిపోటు వింటూనే. కానీ ఆ పోటుకు పాట ఉండేది. దీనికి లేదు.

"ఏం తాతా, నోరు తెరిచావు? ఈగలు దూరతాయి" అంటూ ఎదురొచ్చాడు రోకళ్ళ పెద్ద గుండప్ప. కందెన పూసిన చేతులు, కాలిన మీసాలు. కాగడా పక్కనే నిలబడ్డా అతని కాళ్ళ కింద నీడ లేదు. మాచమ్మ అదే చూస్తోందని గమనించి, పైకి వేలు చూపించాడు. ఇరుసుకు నేరుగా పైన, గొలుసులకు ఒక నల్లపెట్టె వేలాడుతోంది.

"మా అందరి నీడలూ అందులో ఉన్నాయి. మర మీద చెయ్యెత్తామంటే మా నీడే మా పీక పిసుకుతుంది. నీది సాయంత్రం తీసుకుంటాడులే, దీపాలు పెట్టే వేళకి. ఈలోపల పని నేర్చుకో."

పని, పట్లు చూడడం. ప్రతి రోకలీ అటూ ఇటూ ఊగకుండా నిట్టనిలువుగా లేచి పడడానికి పైన ఒకటి, కింద ఒకటి పట్టు ఉంటుంది. పట్టు అంటే నెలవంకలా తొలిచిన రెండు కొయ్య చెక్కలు. వెనక చెక్క దూలానికి కదలకుండా దిగ్గొట్టి ఉంటుంది. ముందు చెక్క మరమేకుల మీద ముందుకీ వెనక్కీ జరుగుతుంది. రెండు నెలవంకల నడుమ రోకలి. రాసుకుని రాసుకుని కొయ్య అరిగినకొద్దీ మరమేకులు తిప్పి, ముందు చెక్కను దగ్గరికి జరుపుతూ ఉండాలి.

"ఎంత బిగించాలంటావా? గాజు చేతికున్నట్టు" అన్నాడు గుండప్ప. "తిరగాలి, జారిపోకూడదు. అర్థమైందా?"

"ఆ మాత్రం తెలీదా?" అంటూ మాచమ్మ అలవాటుగా మణికట్టు చూసుకుంది. బోసిగా ఉంది. చటుక్కున చేతులు వెనక్కి పెట్టుకుంది.

తెలియడం వేరు, చెయ్యడం వేరు. రోకలి కాస్త వణికితే చాలు, ఊడొచ్చి ఎవరి నెత్తిన పడుతుందోనని ఆమె భయం. ఇనుప పిడి మేకుకు తగిలించి సరిపడా తిప్పేది. పోనీ ఇంకొంచెం అనుకునేది. ఎందుకైనా మంచిదని ఇంకొంచెం. బారంతా తిరిగి వచ్చేసరికి రోకళ్ళు పట్లలో కీచు కీచుమని ఏడుపు అందుకున్నాయి. పొగ కూడా లేచింది.

"ఓయమ్మో!" గుండప్ప పరుగెత్తుకు వచ్చాడు. "అది రోకలా, తిరునాళ్ళలో తప్పిపోతాడని పట్టుకున్న పిల్లోడా? కొంచెం ఊపిరాడనియ్యి తాతా!"

"పడితేనో?"

"పట్టు వదులైతే ఊగుతుంది. మరీ బిగిస్తే ఎత్తినచోటే అతుక్కుని వేలాడుతుంది, దిగదు. రెండూ తప్పే."

అంటూనే అన్నిటినీ సరిచేసుకుంటూ పోయాడు. చీకటి మూలలో ఉన్న చివరి రోకలి దగ్గర ఆగి, "దీన్ని నువ్వే వదులు చెయ్యి, చెయ్యి తిరుగుతుంది" అని పురమాయించి వెళ్ళిపోయాడు. మాచమ్మ పిడి పట్టుకుంది. తలెత్తి రోకలిని చూసింది. పడితే ఏం గాను అనుకుంది. వదులు చెయ్యలేదు.

ఇంతలో గాడిదల గంటలు వినిపించాయి. వాటి వెనక, ఒంటినిండా దుమ్ము పూసుకుని, చిరిగిన గోనె కప్పుకుని, తామ్రగిరి యువరాజు మణివర్మ వస్తున్నాడు. తనకోసం రాయైన స్నేహితుణ్ణి విడిపించేదాకా పట్టుపాన్పు మీద పడుకోనని ఒట్టు పెట్టుకుని, మాచమ్మతో కలిసి బయల్దేరినవాడు. గాడిదలను తోలడం ఇంకా సరిగ్గా రాలేదు. "పదండి, పదండి" అని వాటిని కూడా మన్నిస్తున్నాడు.

"అమ్మా" అన్నాడు దగ్గరికి వచ్చి.

"మాచయ్యా అను బాబూ, మాచయ్యా! కొంప ముంచేట్టున్నావు. తలకు గుడ్డ చుట్టుకోలేదేం? ఎండదెబ్బ తగిలితే ఎవరు చూస్తారు నిన్ను? పొద్దున ఏమన్నా తిన్నావా?"

"మాంత్రికుడి గుహలో ఉన్నాం మాచయ్యా!"

"గుహలో ఉంటే ఆకలెయ్యదా?" అంటూ మొల్లోంచి వేయించిన సెనగలు తీసి అతని గుప్పెట్లో పోసింది.

మణివర్మ నవ్వు ఆపుకుని గొంతు తగ్గించాడు. "ఈ బుట్టల్లో ఉన్నవాళ్ళంతా మన దండే. పైనున్న రాతిగాదెలో పోస్తారు. పొద్దు నడినెత్తికి రాగానే గాదె తలుపు తెరుస్తాడట. ఇప్పుడు దోనెలో నలిగేవి ఒట్టి బంగారపు కొండరాళ్ళు, మనుషులు కారు. నువ్వు కోనప్పను కనిపెట్టగానే కాలువలోకి దూకు, చంద్రశిల సరస్సు నీళ్ళు చల్లి వాణ్ణి మనిషిని చేద్దాం. కింద మడుగులో పుట్టి వేసుకుని నేను సిద్ధంగా ఉంటాను."

"పుట్టా? తిరగబడితేనో?"

"నాకు ఈత వచ్చు."

"నాకు రాదు కదా బాబూ!"

గాడిదలు కదిలాయి. మాచమ్మ వాటికి దారి చూపిస్తున్నట్టు నటిస్తూ ఒక్కొక్క బుట్టమీదకు వంగి, ఒక్కొక్క రాయి చెవిలో, చెవి ఎక్కడుందో తెలియకపోయినా, "తిన్నావురా కోనా?" అని అడుగుతూ వచ్చింది. ఇంట్లో అయితే ఆ మాటకు వాడు విసుక్కునేవాడు. ఏ రాయీ విసుక్కోలేదు. ఏ రాయీ చెమర్చలేదు. ఆఖరి గాడిదలు రాకముందే కావలి భూతం వచ్చి, "ముసలాడా, గాడిదలతో కష్టసుఖాలేంటి?" అని చెయ్యి పట్టి లాగేసింది. మిగిలిన బుట్టలు ఆమె కళ్ళముందే గాదెలో బోర్లపడ్డాయి.

అప్పుడు శంఖం మోగింది. దోనెకు ఎదురుగా, గోడలో చెక్కిన ఎత్తైన మేడలోకి భస్మకంఠుడు వచ్చి కూర్చున్నాడు. పాముకుబుసాల ఉత్తరీయం, గబ్బిలాల రెక్కలతో కుట్టిన కిరీటం, చేతిలో కపాలం బిగించిన దండం. మెడ చుట్టూ మాత్రం చల్లారిన పొయ్యిలోని బూడిదలాగా తెల్లగా పొరలు లేచి, మాట్లాడినప్పుడల్లా పొడి రాలుతోంది.

భస్మకంఠుడు పరదేశి. సముద్రాల అవతలి నుంచి వచ్చినవాడు. ఈ దేశపు భాష నేర్చుకునే ఓపిక లేక, ఏదో కొలువులో బిరుదులు చదివే ఒక వందిమాగధుడి నాలుకను మంత్రించి మింగేశాడు. అప్పటినుంచీ దాహం వేసినా బిరుదులు చదివినట్టే అడుగుతాడు.

"ఓయీ రోకలిసేవకాధమా! ద్రోణియందు శిలలు గలవా?"

ఎవరినీ నమ్మడు గనక గాదె తలుపు తాడు తన చేతికే చుట్టుకున్నాడు. కానీ అతను కూర్చున్నచోటికి దోనె అడుగు కనిపించదు. ఈ హోరులో పొడుగు మాటలు వినిపించవు.

మాచమ్మ తొంగిచూసింది. దోనెలో నాలుగు పెళ్ళలు తప్ప రాళ్ళు లేవు. కానీ 'అయిపోయాయి' అన్న మాట ఆమె నోట ఎన్నడూ రాలేదు. కుండలో బియ్యం లేకపోయినా, బరిణెలో కుంకుమ లేకపోయినా అలా అనకూడదు. అంటే నిజంగానే ఇంట్లో అన్నీ అయిపోతాయి. అందులోనూ ఈ రోజా! ఆమె నోటికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గట్టిగా అరిచింది.

"నిండుకున్నాయి సామీ!"

"నిండెనా? లెస్స!" తొందరపడి లాగబోయిన తాడును భస్మకంఠుడు వదిలాడు. గాదె తలుపు మూసినట్టే ఉండిపోయింది.

నాలుగు పెళ్ళలూ నలిగిపోయాయి. ఆ తర్వాత పడ్డ రోకలి చప్పుడు మారింది. అంతవరకు ధన్ ధన్ అన్నది ఖణేల్ మంది. నేల అదిరింది. కాగడాలు ఆరి మళ్ళీ వెలిగాయి. ఒక పొన్ను అంచు పగిలి నిప్పురవ్వలా ఎగిరి గోడకు గుచ్చుకుంది.

"ఖాళీ దోనె! ఖాళీ దోనెరోయ్!" గుండప్ప ఎక్కడినుంచో ఊడిపడి, పక్కనున్న రాళ్ళు చేటలతో ఎత్తి ఎత్తి దోనెలో పోశాడు. చప్పుడు మెత్తబడ్డాక, చెమట తుడుచుకుంటూ మాచమ్మను స్తంభం చాటుకు లాక్కెళ్ళాడు.

"మతుండే చేశావా? రాయి మీద పడితే రోకలి నిదానంగా దిగుతుంది. ఉత్త ఇనుము మీద పడితే దాని బలం దానికే తిరిగి తగిలి ఎగిరిపడుతుంది. ఇంకాసేపైతే ఇరుసు వేళ్ళు రాలిపోయేవి. వాడికేం చెప్పావు?"

"ఉన్నమాటే చెప్పాను. నిండుకున్నాయన్నాను."

గుండప్ప ఆమెను ఎగాదిగా చూశాడు. గడ్డం చూశాడు. వెనక్కి దాచుకున్న చేతులు చూశాడు.

"మా ఇంటిది కూడా అంతే. ఉప్పు లేకపోతే ఉప్పు నిండుకుందనేది. నిండుకుంటే ఇంకెందుకే అని ఏడిపించేవాణ్ణి." గొంతు తగ్గించాడు. "ఎవరికోసం వచ్చావమ్మా?"

మాచమ్మ అబద్ధం చెప్పాలనుకుంది. నోట్లోంచి నిజమే వచ్చింది. "నా కొడుకు. ఆ గాదెలో ఉన్నాడు."

"నేను చెయ్యెత్తలేను తల్లీ, ఎత్తితే నా నీడ నన్ను బతకనివ్వదు" అన్నాడు గుండప్ప. "కానీ మెడ తిప్పుకోగలను. నా కళ్ళు చూడంది నా నీడకేం తెలుస్తుంది?"

పొద్దు నడినెత్తికి వచ్చింది. గుండప్ప పోసిన రాళ్ళు కూడా పొడి కావొచ్చాయి.

కొండ నెత్తిన ఉన్న రంధ్రంలోంచి ఎండ ఒక బంగారు స్తంభంలా దిగి, దోనె మొదట్లో నిలిచింది. భస్మకంఠుడు లేచి, చేతులు చాచి, "వీరశిలలారా! మత్కంఠభూషణములారా! రండు!" అని మంత్రం అందుకుని, తాడు లాగాడు. గాదె తలుపు తెరుచుకుంది.

ముందుగా ఒక్క రాయి దొర్లింది. గుమ్మడికాయంత నల్లరాయి. వాలుగా ఉన్న దోనెలో ఠకఠకమంటూ, పడుతున్న రోకలిని తప్పుకుని, లేస్తున్న రోకలి కింద దూరి, దొర్లుతూనే ఉంది. దోనె పక్కనే మాచమ్మ పరుగు.

"తిన్నావురా?" అంది. హోరులో ఆమె మాట ఆమెకే వినిపించలేదు. "తిన్నావురా కోనా? ఒక్కసారి చెప్పరా!"

రాయి చివరి రోకలి కిందికి వెళ్ళి ఆగింది. ఆగి, తళుక్కుమంది. నల్లటి దాని ఒంటిమీద, వేసవిలో కొత్తకుండకు పట్టినట్టు, చెమట.

వాడే! ఎప్పుడూ అంతే, ఎక్కడ ప్రమాదముంటే అక్కడికే పోయి నిలబడతాడు!

పైకి చూసింది. చివరి రోకలి లేస్తోంది. ఇరుసు వేలు దాని చంక కింద చెయ్యి వేసి, ఎత్తుతోంది, ఎత్తుతోంది. వేలు జారిందా, అంతే. ఆలోచించే వేళ కాదు. మాచమ్మ పిడిని మరమేకుకు తగిలించి, ఒంటి బరువంతా దాని మీద వేసి వేలాడింది. ఆమె వదులు చెయ్యని పట్టు అది! అసలే బిర్రుగా ఉన్న కొయ్య ఇంకాస్త జరిగి, కీచుమంది. వేలు జారిపోయింది. రోకలి పడలేదు. ఎత్తినచోట ఎత్తినట్టే, పిల్లను ముద్దాడబోయి ఆగిన పెద్దమనిషిలా, గాలిలో వేలాడింది.

మాచమ్మ దోనెలోకి వంగి, ఆ పొన్ను కింద చేతులు పెట్టింది. 'పట్టు జారితే చేతులు పోతాయి. పోతే అన్నం ఎవరు వండుతారు' అని ఒక పక్క అనుకుంటూనే రాయిని లాగి, పాగా విప్పి దాన్ని చంకన కట్టుకుంది. పసుపుకొమ్ము జారి కాలువలో పడిపోయింది.

పైన గాదె నోటి దగ్గర రెండో రాయి ఊగుతోంది. దాని వెనక దండు దండంతా. వాటిల్లో ఏ రాయి చెమర్చాలన్నా దానికి ఒక తల్లి కావాలి. ఆ తల్లులెవరూ ఇక్కడ లేరు. మాచమ్మ ఒక్కతే ఉంది.

"ఏమి యా ధ్వనిభంగము?" భస్మకంఠుడు చెవి రిక్కించాడు. "ద్రోణి నిండలేదా?"

మొదటిసారి ఆ మాట ఆమె నోటి అలవాటు. ఈసారి అది ఆమె చేతిలోని కత్తి. గుండెల నిండా ఊపిరి పీల్చి, కొండ మారుమోగేలా కేక పెట్టింది.

"నిండుకుంది సామీ! అంచుదాకా నిండుకుంది!"

"లెస్స! లెస్స!" తాడు వదులైంది. గాదె తలుపు మూసుకుంది. దండంతా భద్రంగా లోపలే ఉండిపోయింది.

స్తంభం దగ్గర గుండప్ప గోడవైపు తిరిగి, రాతి చారలు ఎంత బాగున్నాయో చూస్తున్నాడు.

ఖణేల్! మొదటి రోకలి ఉత్త ఇనుము మీద పడింది. ఖణేల్! రెండోది. మాచమ్మ చంకన రాయితో, చేతిలో పిడితో, బారు వెంట పరుగు తీసింది. ఒక్కో పట్టు దగ్గర ఆగి మరమేకు వెనక్కి తిప్పింది. గాజు చేతికున్నట్టు కాదు, గాజు మోచేతిదాకా జారేటట్టు. జన్మలో మొదటిసారి ఆమె దేన్నైనా వదులు చేస్తోంది. అలవాటు లేని పని. ఒకటి రెండు చోట్ల చెయ్యి దానంతటదే బిగించబోయింది. "ఛీ, నీకిప్పుడే దొరికిందా?" అని తన చేతినే తిట్టుకుంది.

ఇనుము మీద ఎగిరిపడుతున్న రోకళ్ళు, నిటారుగా నిలబెట్టే పట్టు లేక, కల్లు తాగినవాళ్ళలా తూలసాగాయి. ఒకటి పక్కదాని భుజం మీద వాలింది. ఒకటి ఇరుసు వేళ్ళ మధ్య అడ్డంగా ఇరుక్కుంది. వేళ్ళు పటపట విరిగాయి. చక్రం మాత్రం ఆగలేదు, నీళ్ళు తోస్తూనే ఉన్నాయి.

పరుగులో మాచమ్మ ఎండ స్తంభంలోకి వచ్చేసింది.

వేషం మనిషికే గాని నీడకు లేదు. పొద్దు నడినెత్తినే ఉన్నా, దోనె పక్కన రాతినేల మీద ఆమె నీడ నిలువునా పడింది. దానికి గడ్డం లేదు. కొప్పు ఉంది. రెండు చేతులకూ నిండుగా గాజులున్నాయి. చంకన బిడ్డ ఉన్నాడు.

"తల్లి!" భస్మకంఠుడి అరుపుకు మెడలోంచి గుప్పెడు బూడిద రాలింది. "తల్లి! నా యంత్రశాలలో తల్లి!"

ఆ మాట అతని నోట పూర్తి కాకముందే మహావృక్షం మాను నడిమికి ఫెళ్ళున విరిగింది. సగం ఇరుసు ఎగిరి పైనున్న గొలుసులకు తగిలింది. నల్లపెట్టె కిందపడి బద్దలైంది. కాకుల గుంపు లేచినట్టు నీడలన్నీ బిలబిలమని లేచి ఎవరి కాళ్ళను వాళ్ళు వెతుక్కున్నాయి. గుండప్ప నీడ తొందరలో తలకిందులుగా అతుక్కుంది. అతనదేమీ పట్టించుకోలేదు. సమ్మెట అందుకుని, "గాదె నేను కాస్తాను! ఒక్క రాయిని కూడా కదలనివ్వను! చంద్రశిల సరస్సు నీళ్ళు తెస్తేనే వీళ్ళు మనుషులవుతారు. ఆ నీళ్ళు తీసుకురా తల్లీ, పరుగెత్తు!" అని అరిచాడు. విడుదలైన మరకూలీలంతా అతని చుట్టూ చేరి కావలి భూతాలకు ఎదురు తిరిగారు.

మాచమ్మ కాలువ దగ్గరికి పరుగెత్తింది. బంగారు రజనుతో మెరుస్తూ నీళ్ళు సుడులు తిరిగి, కొండగోడలోని కంతలోంచి బయటికి దూకుతున్నాయి. తొంగిచూస్తే కళ్ళు తిరిగాయి. పాతాళంలో మడుగు. దాని మధ్యన చింతగింజంత పుట్టి. అందులో నిలబడి చేతులూపుతున్న మణివర్మ. తలకు ఇప్పుడు గుడ్డ చుట్టుకున్నాడు.

గాలి చల్లబడింది. వెనక్కి తిరిగింది. గబ్బిలపు రెక్కల మీద మేడనుంచి దిగివచ్చిన భస్మకంఠుడు ఎదురుగా నిలబడ్డాడు. కపాలదండం కొస ఆమె గడ్డానికి ఆనించి ఒక్క తోపు తోశాడు. తడిసిన తుమ్మబంక ఊడి, మేకవెంట్రుకలు నేలరాలాయి.

"ఓసీ మానవీ! సకలభూతభయంకరుడనగు నా యెదుట నిలిచితివి. నిన్ను శిలగా మార్చక మునుపు ఒక్కటి తెలియగోరెదను. నీ డెందమున భయమెంత గలదు?"

అడిగినవాడు శత్రువే అయినా అడిగింది నిజమైన ప్రశ్న. మాచమ్మ నిజంగానే చూసుకుంది, కుండ అడుగున చెయ్యి పెట్టి తడిమినట్టు. పిడుగుల భయం, క్షయ భయం, పుట్టి తిరగబడే భయం, పొయ్యి దగ్గర నిద్రపోయే మొగుడి భయం, పుట్టిన నాటినుంచీ పోగేసుకున్నవన్నీ అక్కడే ఉండాలి. చెయ్యి అడుగుకు తగిలింది.

"భయమా?" అంది. "నిండుకుంది సామీ."

"నిండెనా! లెస్స!" భస్మకంఠుడు పకపక నవ్వాడు. అంత నిండా భయపడ్డ ప్రాణి ఎక్కడికి పోతుందిలే, కాసేపు చూసి ఆనందించి చంపవచ్చునని దండం దించాడు.

మాచమ్మ చంకనున్న రాయిని సరిచేసుకుంది. మరీ గట్టిగా కాదు, గాజు చేతికున్నంత. తర్వాత, ఈసారి మరిచిపోకుండా కుడికాలు ముందు పెట్టి, కాలువలోకి దూకేసింది.